కుపాలా అనే దేవుడు అసలు ఉన్నాడా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పోలండ్‌లో మీతో చదివేవాళ్లు కుపాలా రాత్రి (నెగళ్లు, పూలవలయాలతో చేసే నడివేసవి పండుగ) జూన్ 23న అంటున్నారు, బెలారుస్ నుంచి వచ్చిన అమ్మాయి జూలై 6న అంటోంది. యూట్యూబ్‌లోనేమో ఇది కుపాలా అనే స్లావ్ (పోలండ్, రష్యా, ఉక్రెయిన్, బెలారుస్ లాంటి దేశాల జాతులు) సూర్యదేవుడి పండుగ, చర్చి వచ్చి దాని మీద యోహాను పేరు అంటించింది అంటున్నారు. ఇందులో నిజమెంత, వెళ్తే అక్కడ ఏం చేస్తారు, ఏం జాగ్రత్త పడాలి?

తేదీ దగ్గర మొదలుపెడదాం. సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

మీకు చెప్పిన రెండు తేదీలూ ఒకటే. జూన్ 24 బాప్తిస్మమిచ్చు యోహాను పుట్టినరోజు, దాని ముందు రాత్రి ఈ పండుగ. పోలండ్ కాథలిక్ దేశం కాబట్టి మనమంతా వాడే గ్రెగోరియన్ క్యాలెండర్‌లోనే జూన్ 23 రాత్రి చేస్తారు. రష్యా, బెలారుస్‌లలో ఆర్థడాక్స్ చర్చి పాత జూలియన్ లెక్క వదల్లేదు. ఆ లెక్క ఇప్పుడు 13 రోజులు వెనక నడుస్తోంది, అందుకే వాళ్ల జూన్ 24 మనకు జూలై 7. 2100 ఫిబ్రవరి దాటాక తేడా 14 రోజులవుతుంది, అప్పుడు పండుగ ఇంకో రోజు వెనక్కి, జూలై 8కి పోతుంది. ఉక్రెయిన్‌లో 2023 సెప్టెంబర్ 1న ఆర్థడాక్స్ చర్చ్ ఆఫ్ ఉక్రెయిన్, గ్రీక్ కాథలిక్ చర్చి రెండూ కొత్త క్యాలెండర్‌కు మారాయి. కాబట్టి 2024 నుంచి అక్కడ యోహాను పుట్టినరోజు జూన్ 24నే. జూలియన్ లెక్కనే పట్టుకున్న చర్చివాళ్లకు మాత్రం అక్కడా జూలై 7. ఉక్రెయిన్‌లో ఎవరైనా పిలిస్తే ఏ రోజో ముందే అడిగి కనుక్కోండి.

అసలు జూన్ 24 ఎందుకు? లూకా సువార్తలో మరియకు దేవదూత కనిపించేసరికి ఎలీసబెతు ఆరో నెల గర్భిణి. అంటే యోహాను యేసుకంటే ఆరు నెలలు పెద్ద. డిసెంబర్ 25కి ఆరు నెలల ముందు అంటే జూన్ 25 రావాలి కదా అనిపిస్తుంది. రోమన్లు రోజుల్ని వచ్చే నెల ఒకటో తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టేవారు. డిసెంబర్ 25 జనవరి ఒకటికి ముందు ఎనిమిదో రోజు (రెండు చివరలూ కలిపి లెక్కేస్తే), అలాగే జూలై ఒకటికి ముందు ఎనిమిదో రోజు జూన్ 24, ఎందుకంటే జూన్‌కు 30 రోజులే. ఈ లెక్క తేలింది మధ్యధరా తీరంలో. 430లో చనిపోయిన అగస్టీన్ ఈ పండుగ రోజు ప్రసంగాలు చేశాడు. స్లావ్‌లకు క్రైస్తవం అందేసరికి తేదీ ఎప్పుడో స్థిరపడిపోయింది. కీవ్‌లో క్రైస్తవానికి ముందటి పాత మతంవాళ్ల పండుగ చూసి చర్చి ఈ రోజును ఎంచుకుంది అనే మాట ఇక్కడే వీగిపోతుంది.

ఇంకో విషయం జనం పట్టించుకోరు. జూలియన్ సంవత్సరం అసలు సంవత్సరం కంటే 11 నిమిషాలు పొడవు, 128 ఏళ్లకు ఒక రోజు జారుతుంది. 988లో కీవ్ రాజు వ్లాదిమీర్ బాప్తిస్మం తీసుకునేనాటికి ఏడాదిలో అతి పొడవైన పగలు జూలియన్ జూన్ 16 దగ్గర పడేది. యోహాను పండుగ దానికి వారం పైగా ఆలస్యం. మనకు ఇది కొత్తేం కాదు. ఉత్తరాయణ పుణ్యకాలం అని మకర సంక్రాంతిని జనవరి 14న చేసుకుంటాం, సూర్యుడు నిజంగా ఉత్తరానికి తిరిగేది డిసెంబర్ 21, 22ల్లో. కారణం వేరు (మనది నక్షత్రాల లెక్క, సుమారు 72 ఏళ్లకు ఒక రోజు జరుగుతుంది), ఫలితం మాత్రం ఒకటే: పండుగ తేదీ ఆకాశం నుంచి విడిపోయినా జనం దాన్ని వదల్లేదు.

ఇక దేవుడి సంగతి. 980లో వ్లాదిమీర్ కీవ్ కొండ మీద నిలబెట్టిన విగ్రహాల జాబితా రష్యన్ ప్రాథమిక చరిత్రలో ఉంది: పెరూన్, ఖోర్స్, దాజ్‌బోగ్, స్త్రిబోగ్, సిమార్‌గ్ల్, మొకోష్. అందులో కుపాలా లేడు. 1262 సంఘటనలు చెప్పేటప్పుడు గలీసియా-వొలీనియా (ఇప్పటి పశ్చిమ ఉక్రెయిన్ వైపు) చరిత్రలో ఆ మాట కనిపిస్తుంది, అక్కడ అది ఇవాన్ (యోహానుకు స్లావ్ పేరు) దినం ముందురోజుకు పేరు, అంతే. దేవుడిగా కుపాలా కాగితమెక్కింది 17వ శతాబ్దపు గుస్తిన్ చరిత్రలో. గ్రీకుల సెరెస్ లాగా పంటల దేవుడని రాశారు. సెరెస్ రోమన్ దేవత, ఆ పొరపాటు వాళ్లదే. గ్రీకు, రోమన్ పురాణాలు చదువుకున్న మఠాల పండితులు పండుగ పేరు విని, దాని వెనక ఒక దేవుడుండే ఉంటాడనుకున్నారు. ఉగాది అన్న పేరు విని ఉగాదమ్మ అనే దేవతను ఊహించుకున్నట్టు.

మరి ఆ పేరెక్కడిది? స్లావ్ భాషల్లో ‘కుపాత్’ అంటే స్నానం చేయించడం. గ్రీకులో ‘బాప్టిస్టేస్’ అంటే నీటిలో ముంచేవాడు. ఇవాన్ కుపాలా అంటే ముంచే యోహాను, జనం నోట బాప్తిస్మమిచ్చు యోహానుకు వచ్చిన అనువాదం. భాషావేత్తల్లో ఎక్కువమంది మొగ్గు దీనివైపే. ఇవానోవ్, తొపొరోవ్ అనే ఇద్దరు సోవియట్ పండితులు దీన్ని మరిగే, రగిలే అనే అర్థమున్న పాత ధాతువుతో, లాటిన్ క్యుపిడ్‌తో ముడిపెట్టారు. వినడానికి బాగుంటుంది. నాకు మాత్రం అంత దూరం వెళ్లాల్సిన అవసరం కనిపించదు.

కుపాలా, కొస్త్రోమా అన్నాచెల్లెళ్లని, తెలియక పెళ్లి చేసుకుని నిజం తెలిశాక నీటిలో దూకారని ఇంకో కథ వీడియోల్లో తిరుగుతోంది. ఇది ఏ పాత చరిత్రలోనూ లేదు. ఇవాన్-దా-మార్యా అనే పువ్వుంది, పసుపు పూలు, వాటి పైన ఊదారంగు ఆకులు, ఒకే కొమ్మకు రెండు రంగులు. ఒకరికొకరు తెలియక పెళ్లాడిన అన్నాచెల్లెళ్లు ఆ పువ్వుగా మారారని జానపద పాటలున్నాయి. కొస్త్రోమా రష్యాలో వేసవి మొదట్లో ఊరేగించి పాతిపెట్టే గడ్డిబొమ్మ. ఈ రెంటినీ కలిపి కుట్టి పురాణం చేసింది ఆధునికులు.

ఇంతా చెప్పాక ఇది పూర్తిగా క్రైస్తవ పండుగే అనుకుంటే అదీ తప్పే. నిప్పు, నీరు, మూలికలు, రాత్రంతా అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి తిరగడం, ఇవేవీ చర్చి నేర్పినవి కావు. చర్చి వందల ఏళ్లు వీటిని తిడుతూనే ఉంది, మనకు సాక్ష్యం దొరికిందే ఆ తిట్లలో. 1505లో రష్యాలోని ప్‌స్కోవ్ దగ్గరి యెలిజారోవ్ మఠాధిపతి పాంఫిల్ ఊరి అధికారులకు ఉత్తరం రాశాడు: యోహాను రాత్రి ఆడా మగా పొలాల్లో, అడవుల్లో పడి మూలికలు ఏరుతున్నారు, డప్పులు, గంతులు, ఊరంతా ఊగిపోతోంది అని. 1551లో మాస్కో చర్చి సభ ‘స్తొగ్లావ్’ ఇదే మాట చెప్పింది. 1595లో అచ్చయిన పోలిష్ మూలికల గ్రంథంలో ఉర్జెన్‌డూవ్ వాడైన మార్చిన్, ఆడవాళ్లు ఆ రాత్రి చెక్కతో చెక్క రాసి నిప్పు పుట్టిస్తున్నారని, బిలిత్సా మొక్క నడుముకు చుట్టుకుని నెగడు చుట్టూ ఆడుతున్నారని కోప్పడ్డాడు.

అయితే ఇది స్లావ్‌లకు మాత్రమే సొంతం అనుకోకండి. 7వ శతాబ్దంలో ఫ్లాండర్స్ ప్రాంతంలో ఎలీజియస్ అనే బిషప్ పేర వచ్చిన ప్రసంగంలోనే యోహాను రోజున గంతులూ పాటలూ వద్దని నిషేధముంది. కొండ మీంచి మండే చక్రం దొర్లించడం, సూర్యుడు ఇక కిందికి దిగుతాడని చూపడానికే అనే వివరణతో సహా, 12వ శతాబ్దంలో పారిస్‌లో పాఠం చెప్పిన జాన్ బెలెత్ రాశాడు. లాట్వియా, లిథువేనియా పండుగలు కూడా ఇలాగే ఉంటాయి, వాళ్లు బాల్టిక్ జాతులు, వీడియోల్లో ఆ దృశ్యాల్ని స్లావ్ అని కలిపేస్తుంటారు. నా లెక్కలో తేదీ, పేరు చర్చివి. పనులు ఐరోపా రైతులందరి పాత ఆస్తి. దేవుడు 17వ శతాబ్దపు సిరా.

ఇప్పుడు పనుల సంగతి చూద్దాం. అక్కడి వెలుతురు ముందు మనసులో పెట్టుకోండి. హైదరాబాద్‌లో ఏడాదిలో పొడవైన పగలు 13 గంటలు దాటి కొద్ది నిమిషాలు. వార్సాలో సుమారు 16 గంటల 45 నిమిషాలు. రాత్రి తొమ్మిది దాటాక పొద్దు వాలుతుంది, నాలుగున్నర కాకముందే తెల్లారుతుంది. రాత్రంతా మేలుకోవడం అంటే అక్కడ పెద్ద పనేం కాదు. గడ్డికోత ముమ్మరమయ్యే ముందు దొరికే నాలుగు రోజుల వెసులుబాటు అది.

నెగడు పాతకాలంలో ‘బతికున్న నిప్పు’తో వెలిగించేవారు. మన యజ్ఞాల్లో అరణి మథించినట్టే, ఎండు చెక్క మీద చెక్క తాడుతో తిప్పి పుట్టించాలి. ఊళ్లో పొయ్యిలన్నీ ముందే ఆర్పాలి, ఒక్క ఇంట్లో నిప్పు మిగిలినా ఇక్కడ రాజుకోదని నమ్మకం. చెక్క తడిగా ఉన్నా రాజుకోదు, అది నమ్మకం కాదు. బెలారుస్‌లో నెగడు మధ్య పొడవైన గుంజ పాతి, పైన పాత బండి చక్రానికి తారు పూసి అంటిస్తారు. పాత చీపుళ్లు, విరిగిన సామాన్లు, జబ్బు చేసిన పిల్లల చొక్కాలు అందులో వేసేవారు. భోగిమంట చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు.

దూకడం అందరూ చూడాలనుకునేది. ఫొటోల్లో నిలువెత్తు మంటలు కనిపిస్తాయి. అలాంటి మంట మీంచి ఎవరూ దూకరు, దూకేవాళ్లుంటే మీరు దూరంగా ఉండండి. పెద్ద నెగడు వాలి కణికలు పడ్డాక, లేదా పక్కన వేసిన చిన్న మంట మోకాలెత్తుకు దిగాక దూకుతారు. జంట చెయ్యి పట్టుకుని దూకితే, చేతులు విడిపోకపోతే పెళ్లి ఖాయం, విడిపోతే లేదు. విడిపోవడానికి మామూలు కారణం ఒకరు ముందు పరిగెత్తడం. నాలుగైదు అడుగుల ముందే లయ కలుపుకుని, ఇద్దరూ ఒకే కాలితో లేవాలి. గాలి వాటు చూసుకోండి, పొగ మొహానికి కొట్టే దిక్కు నుంచి పరిగెత్తితే అవతల ఎక్కడ దిగుతున్నారో కనిపించదు. అవతలి వైపు ఎవరూ నిలబడకుండా చూడాలి, ఎదురెదురుగా దూకి గుద్దుకోవడం ఎక్కువ జరిగేది అక్కడే. పాలిస్టర్ వద్దు, నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. నార బట్టో నూలో మేలు, పొడవు పరికిణీ అయితే పైకి దోపుకోవాలి. కట్టె విషయంలో బిర్చ్ మేలు. పైన్, స్ప్రూస్ జిగురు కట్టెలు చిటపటమని రవ్వలు చిమ్ముతాయి, దూకే మంటలో అవి వేయకూడదు. ఎంత ఎత్తు దూకితే అవిసె పైరు అంత ఎత్తు పెరుగుతుందని కూడా చెప్పుకునేవారు. పోలండ్‌లో సొంతంగా వెలిగించాలనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి: అడవి అంచు నుంచి 100 మీటర్ల లోపు మంట వేయడం చట్టం ఒప్పుకోదు, కేటాయించిన చోట్లు తప్ప.

పూలవలయం, పోలిష్‌లో వియానెక్, ఉక్రెయిన్‌లో వినోక్. పెళ్లికాని అమ్మాయిలు తలకు పెట్టుకుని, చీకటి పడ్డాక కొవ్వొత్తి వెలిగించి నదిలో వదులుతారు. దూరం పోతే దూరపు సంబంధం, ఒడ్డునే తిరిగితే ఈ ఏడాది లేదు, మునిగితే చెడ్డ శకునం. చాలా వలయాలు మునిగేది రాతవల్ల కాదు, అల్లికవల్ల. తీగ కోసం ఇనుప వైరు వాడితే బరువుకు పోతుంది, పైగా నదిలో చెత్త. పచ్చి విల్లో కొమ్మను వలయంగా వంచి, రెండు చివరలు ఒక జానెడు ఒకదానిమీద ఒకటి వచ్చేలా నారతో కట్టండి. తల చుట్టుకొలత 55 నుంచి 58 సెంటీమీటర్లు, దానికి రెండు వేళ్ల వెసులుబాటు చాలు. పూల కాడలు కనీసం 15 సెంటీమీటర్లుండాలి. ప్రతి పువ్వునూ కొమ్మ మీద అడ్డంగా పెట్టి, కాడను కింది నుంచి ఒక చుట్టు తిప్పి, పొడవునా పడుకోబెట్టి, తర్వాతి పువ్వుతో దాన్ని తొక్కిపెట్టాలి. రెండు మూడు సెంటీమీటర్లకొకటి వస్తే ఖాళీలుండవు. చామంతి జాతి కామొమైల్, నీలి కార్న్‌ఫ్లవర్ రాత్రంతా నిలుస్తాయి. ఎర్ర పాపీ ఫొటోకు బాగుంటుంది కానీ గంటలో రేకులు రాల్చేస్తుంది. నీటిలో వదిలే వలయానికి కింద రెండు పుల్లల్ని శిలువలా కట్టి మధ్యలో పొట్టి, వెడల్పాటి కొవ్వొత్తి నిలపండి. పొడుగు కొవ్వొత్తి మొదటి అలకే వలయాన్ని బోర్లా వేస్తుంది. తలకొకటి, నదికొకటి విడిగా అల్లుకోవడమే తెలివి.

పూలు కోసేటప్పుడు ఒక్క మొక్కకు దూరంగా ఉండండి: సొస్నొవ్‌స్కీ హాగ్‌వీడ్. మనిషికంటే ఎత్తు, గొడుగంత తెల్లపూల గుత్తులు, రష్యా, బెలారుస్, పోలండ్ రోడ్ల పక్కన అడవిలా పెరిగి ఉంటుంది. దాని రసం చర్మానికంటి తర్వాత ఎండ తగిలితే కాలిన గాయాల్లాంటి బొబ్బలు లేస్తాయి. రాత్రి కోసినప్పుడు ఏమీ తెలియదు, మర్నాడు పొద్దున తెలుస్తుంది. గడ్డిలో పిడుదుల బెడద కూడా ఉంది, లైమ్ వ్యాధి, మెదడువాపు వాటితోనే వస్తాయి. ప్యాంటు సాక్సులోకి దోపుకుని, ఇంటికొచ్చాక మోకాలి వెనక, నడుము దగ్గర వెతుక్కోవాలి.

మూలికల్లో ఒకటి మనకు బాగా తెలిసిందే. పైన చెప్పిన బిలిత్సా అంటే మన మాచిపత్రి జాతి. వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రిలో మొదట ‘మాచీపత్రం పూజయామి’ అంటాం కదా, అదే కుటుంబం, నలిపితే అదే ఘాటు వాసన. అక్కడ దాన్ని నడుముకు చుట్టుకుని ఆడి, చివర్లో నెగట్లో వేస్తారు, కోతల కాలంలో నడుంనొప్పి రాదని. రెండోది హైపెరికం, పసుపు పూలు. ఆకును వెలుతురుకు పెట్టి చూస్తే సూది గుచ్చినట్టు చుక్కలు, మొగ్గ నలిపితే వేలికి ఎర్రగా అంటుతుంది. ఆ ఎరుపు యోహాను రక్తమని చెబుతారు. టీ కాచి ఇస్తే మాత్రం ఆలోచించి తాగండి. మానసిక కుంగుబాటు మందులు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు ఇది పనికిరాదు, ఆ మందుల పనిని చెడగొడుతుంది. మూలికలు మంచుతో తడిగా ఉన్నప్పుడే కోయాలని సంప్రదాయం. అలా కోసి కట్టగట్టి మూల పడేస్తే మూడు రోజుల్లో బూజు. పలచటి కట్టలుగా నీడలో తలకిందులుగా వేలాడదీస్తారు. బల్గేరియాలో ఈ రోజును ఎన్యోవ్‌దెన్ అంటారు. జబ్బులు డెబ్బై ఏడున్నర, అన్నిటికీ మూలికలున్నాయి, ఆ అర జబ్బుకు మాత్రం మందు ఎవరికీ తెలియదని అక్కడి మాట. సెర్బియాలో పసుపు గాలియం పూల వలయాన్ని గుమ్మానికి, గేటుకు తగిలిస్తారు, మనం తోరణం కట్టినట్టు.

అర్ధరాత్రి ఫెర్న్ పూస్తుందని, దొరికినవాడికి నిధులు కనిపిస్తాయని, జంతువుల మాట అర్థమవుతుందని కథ. ఫెర్న్‌కు పువ్వే రాదు. ఆకు వెనక గోధుమరంగు చుక్కల్లో ఉండే బీజరేణువులతోనే పెరుగుతుంది. రాయల్ ఫెర్న్ అనే జాతిలో మాత్రం బీజాలున్న ఆకులు నిటారుగా, గోధుమరంగు పూలగుత్తిలా లేస్తాయి, చీకట్లో పువ్వనుకోవచ్చు. పోలండ్‌లో అది రక్షిత మొక్క, కోయకండి. లేని పువ్వు కోసం జంటలు రాత్రంతా అడవిలో ఎందుకు వెతికేవో పాంఫిల్‌కు బాగా తెలుసు, ఆయన కోపమంతా అందుకే.

అన్ని చోట్లా ఒకేలా ఉంటుందనుకోకండి. ఉక్రెయిన్‌లో నెగడుతో పాటు ‘మారెనా’ లేదా ‘హిల్‌త్సే’ అనే కొమ్మను రిబ్బన్లు, పూలతో అలంకరిస్తారు. అమ్మాయిలు కాపలా, అబ్బాయిలు లాక్కోవాలి, చివరికి ముక్కలు చేసి నీటిలో వేస్తారు, కొన్ని ముక్కలు దోసపాదుల్లో పెడతారు. పోలండ్‌లో మార్చిలో నీటిలో ముంచే మజాన్నా బొమ్మతో దీన్ని కలిపేస్తుంటారు. పేరు దగ్గరిది, అది చలికాలాన్ని సాగనంపే పండుగ. రష్యా ఉత్తరాన నెగడు కంటే ఆవిరిస్నానానిదే పెద్దపీట. ఇవాన్ దినానికి ముందురోజైన అగ్రఫెనా దినాన బిర్చ్ కొమ్మల కట్టలు ఏడాదికి సరిపడా కోసుకుంటారు. నదిలో ఈత కాలం ఇవాన్ దినంతో మొదలై ఆగస్టు 2న ఇల్యా (ఏలీయా ప్రవక్త) దినంతో ముగుస్తుంది. ఇంకొన్ని ప్రాంతాల్లో సరిగ్గా ఆ రాత్రే నీటిలో దిగకూడదంటారు, రుసాల్కాలు అనే నీటి దెయ్యాలు లాగేస్తాయని. ఆవుల పాలు దొంగిలించే మంత్రగత్తెలు తిరిగేదీ ఆ రాత్రే, అందుకే కొట్టం గడపకు ముట్టుకుంటే దద్దురెక్కే నెటిల్ ఆకులు పరుస్తారు.

మీరు పోలండ్‌లోనే ఉన్నారు కాబట్టి చెబుతున్నా. క్రాకోవ్‌లో వావెల్ కోట కింద విస్తులా ఒడ్డున జరిగే ‘వియాంకి’ పేరున్నదే, కానీ అది పాటల కచేరీ, జనసందోహం. అల్లడం, మూలికల పేర్లు, పాటలు దగ్గర నుంచి చూడాలంటే స్కాన్సెన్ అనే ఆరుబయలు గ్రామీణ మ్యూజియంల కార్యక్రమాలు వెతకండి, ‘నోత్స్ శ్వెంతోయాంస్కా’ లేదా ‘సొబూత్కా’ పేరుతో పెడతారు. ‘నోత్స్ కుపావి’ అని ఉన్నచోట క్రైస్తవానికి ముందటి మతాన్ని మళ్లీ తేవాలనుకునే కొత్త బృందాలు చేసే పూజ కూడా ఉండవచ్చు. చూడదగ్గదే, అక్కడ చదివే మంత్రాలు మాత్రం ఇటీవల కూర్చినవి. సాయంత్రం ఆరుకల్లా చేరితే అల్లడానికి వెలుతురుంటుంది. నది పక్కన అర్ధరాత్రి దాటాక జూన్‌లో కూడా చలేస్తుంది, ఒక స్వెటర్ వెంట ఉంచుకోండి, అది మాత్రం నెగడుకు దూరంగా.